మూడో చుక్క

ఉప్పు డబ్బా మూతకి ఏడు కన్నాలు. బుధవారం పొద్దున హెడ్లీ దాన్ని వేయించిన గుడ్ల మీద బోర్లించి కుదిపితే మూడు కన్నాల్లోంచే ఉప్పు రాలింది. మళ్ళీ కుదిపాడు. కళ్ళజోడు పెట్టుకుని మూతని కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు. నాలుగు కన్నాలని మూసేస్తూ ఒక ఎర్రటి గుండ్రటి కాగితం అతికించి ఉంది.

“ఇదేంటి?”

“చుక్క,” అంది వెర్నా రొట్టెకి వెన్న రాస్తూ.

“చుక్కేనని నాకూ తెలుస్తోంది. ఉప్పు డబ్బాకి ఆటలమ్మ ఎందుకు పోసిందని అడుగుతున్నా.”

“మొన్న నీ బీపీ ఎంతొచ్చిందో గుర్తుందా?”

“నా బీపీ చూడ్డానికి మీ ఆఫీసులో అంతమంది ఉన్నారుగా. వెళ్ళి జిల్లాలో ఉన్న డబ్బాలన్నిటికీ అంటించుకో.”

“అంటిస్తాం. ముందు మనింట్లోంచి మొదలెట్టా.”

హెడ్లీ వెన్న కత్తి మొనతో చుక్కని గీకాడు. కాగితం సగం ఊడింది, సగం జిగురుతో అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కన్నాలు అయిదు. “ముప్పై నాలుగేళ్ళు చేపల ఫ్యాక్టరీలో మోచేతుల దాకా ఉప్పులో నిలబడ్డవాణ్ణి. నాకు ఉప్పు లెక్కపెట్టి పోస్తావా? మా అన్న చెస్ డెబ్భై ఒక్క ఏళ్ళూ ఇలాగే తిని...”

ఆగిపోయాడు. పోయిన నవంబరులో చనిపోయిన అన్న పేరు అలా నోట్లోంచి వచ్చేసింది. వెర్నా అతని పళ్ళేన్ని కొంచెం ముందుకి జరిపింది. అతను గుడ్లు అలాగే, చప్పగానే తిన్నాడు.

లేచి టోపీ పెట్టుకుంటూ, “ఎల్లుండి టిల్లీ కోవ్ వెళ్తావుగా,” అన్నాడు మామూలు గొంతుతో. “వినీ ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెలోంచి తెచ్చి నీ బండిలో పెట్టా. మర్చిపోకు.”

“ఆరేళ్ళలో ఎప్పుడైనా మర్చిపోయానా?”

ఆ ఎర్ర చుక్కలు గురువారం మీటింగు కోసం కొన్నవి. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ఏది నిర్ణయించాలన్నా ఇదే పద్ధతి. గోడకి పెద్ద కాగితాలు అంటిస్తారు, కాగితానికో పథకం. కమిటీలో ఒక్కొక్కరికి మూడు చుక్కలిస్తారు. ఏది ముఖ్యమనుకుంటే దాని మీద అంటించాలి. వాదనలు ఉండవు, మాట తూలడాలు ఉండవు, పన్నెండు మంది పన్నెండు కప్పుల టీ తాగి చుక్కలు అంటించి ఇళ్ళకి పోతారు.

ఈసారి కాగితాలు అయిదు. గుండె జబ్బుల నివారణకి వచ్చే మూడేళ్ళు ఏం చెయ్యాలన్నది విషయం. మెర్రిట్ చెరువు చుట్టూ నడక బాట. బళ్ళలో మధ్యాహ్నం భోజనం మార్చడం. సిగరెట్లు మాన్పించే ఫోను సలహా. దుకాణాల్లో ఉప్పు తక్కువున్న సరుకుకి గుర్తులు. అయిదోది, కోవ్‌లనే తీరపు పల్లెలకి ఇప్పుడు వెళ్తున్న బీపీ వ్యానుని కొనసాగించడం. వీటిలో రెండింటికే డబ్బుంది.

కాగితాలకి ఎడమ పక్కన వెర్నా గీసిన పటం ఉంది. మూడేళ్ళలో గుండెపోటుతో పోయిన ప్రతి మనిషికీ ఒక నల్ల గుర్తు. మెర్రిట్ పట్నం మీద గుర్తులు చీమలు పట్టినట్టున్నాయి. తీరం పొడుగునా ఉన్న పన్నెండు కోవ్‌లు దాదాపు తెల్లగా ఉన్నాయి. టిల్లీ కోవ్ దగ్గర ఒకే ఒక్క గుర్తు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆఫీసులో పట్టికలూ పటాలూ తయారుచేసేది వెర్నాయే. ఆమె గీసిన పటంలో ఒక గుర్తు పక్కకి పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

“చూడగానే తెలిసిపోతోంది,” అంది ప్యాట్రిషియా. జిల్లా కార్యాలయానికి ఆమె పెద్ద. “జబ్బు ఎక్కడుందో మందు అక్కడ పెట్టాలి. థాంక్యూ వెర్నా.”

అందరూ లేచారు. మొదటి నలుగురూ ఎక్కడ అంటిస్తే తర్వాతివాళ్ళ చేతులు కూడా అక్కడికే పోతాయి. వెర్నాకి అది ప్రతిసారీ కనిపించే సంగతే. బడి భోజనం కాగితం ముందే ఎర్రబడిపోయింది. తన చుక్కలు రెండు దాని మీద వేసి, మూడోది వేలి చివర పట్టుకుని చివరిదాకా ఆగింది. నడక బాట మీద ఎనిమిది, వ్యాను మీద ఎనిమిది ఉన్నాయి. గదిలో ఇంకా చుక్క మిగిలింది ఆమె ఒక్కదానికే.

వినీ గుర్తొచ్చింది. చెస్ భార్య, తన తోడికోడలు, వ్యాను వచ్చినప్పుడల్లా కిస్మిస్ బన్నులు చేసి తెచ్చేది. కానీ మనవాళ్ళున్నారని ఓటు వెయ్యకూడదు కదా. పటం చెప్పినట్టు వెయ్యాలి. ప్యాట్రిషియా ఆమె వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ బాట కోసం ఆమె అయిదేళ్ళు తిరిగింది. వెర్నా చుక్కని నడక బాట మీద అంటించి, ఊడకుండా బొటనవేలితో నొక్కింది.

మెట్లు దిగుతుంటే ప్యాట్రిషియా భుజం మీద చెయ్యి వేసింది. “రేపు టిల్లీ కోవ్‌లో వ్యాను రోజు. ఇదే చివరిదని చెప్పాలి. నువ్వు చెప్తే బాగుంటుంది వెర్నా. వాళ్ళకి నువ్వు పరాయిదానివి కాదు.”

శుక్రవారం మంచు తెర సముద్రం మీంచి రోడ్డు దాకా వచ్చేసింది. జూలైలో కాప్లిన్ చేపలు ఒడ్డుకి కొట్టుకొచ్చే రోజుల్లో ఎప్పుడూ అంతే. టిల్లీ కోవ్ అగ్నిమాపక శాలలో ఫైరింజన్ని బయటికి తీసి, దాని చోట బల్లా నాలుగు కుర్చీలూ వేశారు. నర్సు బ్రైడ్ ఒకరి చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతోంది. మిగిలినవాళ్ళు వరుసగా చొక్కా చేతులు మడుచుకుని పేకాడుకుంటున్నారు.

వెర్నా నోటీసు చదివింది. చదివేటప్పుడు కాగితం మీంచి తలెత్తలేదు.

గార్ఫీల్డ్ అనే ముసలి జాలరి పేక ముక్క కింద పడేశాడు. “అయితే మాకు గుండెలు లేవని తేలిందన్నమాట.”

“ఉన్నాయిరా. జబ్బే లేదంట,” అన్నాడు పక్కాయన.

“మా ఆవిడ నలభై ఏళ్ళ నుంచి అంటోంది లేవని. ఇప్పుడు గవర్నమెంటు కూడా సంతకం పెట్టింది.”

అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వబోయింది. “లెక్క ప్రకారం మెర్రిట్‌లో ఎక్కువమంది పోతున్నారు గార్ఫీల్డ్. అందుకని...”

“మెర్రిట్‌లోనా?” అన్నాడతను. “పాపం. చూడ్డానికి గట్టిగానే ఉంటారే అక్కడివాళ్ళు.”

వినీ బన్నుల పళ్ళెం పక్కన నిలబడి ఉంది. ఆ కోవ్‌లో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ వినీ అత్తే. మిగిలిన బన్నుల మీద గుడ్డ కప్పి, నాలుగు మూలలూ కిందికి దోపింది. “ఇంటికి రా వెర్నా. టీ తాగి పో.”

ఇంటి వెనక చెక్క పలకల మీద కాప్లిన్ చేపలు వరసగా పరిచి ఉన్నాయి, తలలన్నీ ఒకే వైపుకి. మంచులో ఎండవు గదా అని వినీ వాటిని ఒక్కొక్కటీ తిప్పుతూ, గుప్పిట్లోంచి ఉప్పు సన్నగా వదులుతోంది. వెర్నా రెండో వైపు నిలబడి తిప్పసాగింది. డెబ్భై నాలుగేళ్ళ ఆ చేతులు తన చేతుల కంటే రెండింతలు వేగంగా కదులుతున్నాయి.

“బీపీ ఎంతొచ్చింది నీకు?”

“నూటా డెబ్భై రెండు. బ్రైడ్ మాత్ర మార్చమంది. ‘ఈసారి వచ్చినప్పుడు మళ్ళీ చూస్తా’ అని నాలిక్కరుచుకుంది.”

“మెర్రిట్ రావచ్చుగా. హెడ్లీ వచ్చి తీసుకెళ్తాడు.”

“నన్ను తీసుకెళ్తాడు. గార్ఫీల్డ్‌ని ఎవరు తీసుకెళ్తారు? పేక ఆడుకోవచ్చని ఆ శాలకొస్తాడు గానీ, డాక్టరు కోసం గంట ప్రయాణం చేసే మొహమా అది?”

వంటింట్లో వెర్నా చేతులు కడుక్కుని ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టింది. వినీ టీలోకి డబ్బా పాలు పోసి, అలమర పైనుంచి బన్నులకని ఒక బిస్కట్ డబ్బా దించింది. మూత తీసి, అది కాదని మళ్ళీ మూయబోయింది. లోపల బన్నులు లేవు. బ్రైడ్ దగ్గరుండే బీపీ కార్డుల్లాంటివి ఉన్నాయి.

“ఇవి నీ దగ్గరెందుకున్నాయి?”

“పోయినవాళ్ళవి. బ్రైడ్ చింపెయ్యమని నాకిచ్చింది. మనిషే పోయాక కార్డెందుకంది. నాకు చెయ్యి రాలేదు.”

వెర్నా వాటిని బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది. ప్రతి దాని చివరా వినీ పెన్సిలుతో చనిపోయిన తేదీ వేసింది. ఎల్డ్రెడ్. ఎఫీ. వలలు కుట్టే ఇద్దరన్నదమ్ములు. “ఈయన దేంతో పోయాడు?” “గుండె.” “ఈవిడ?” “గుండె. చర్చిలో పాట మధ్యలో.” “ఇతను?” “గుండే. నీకు చెప్పాగా అప్పుడు, పడవ మీదే అని.” తొమ్మిది కార్డులు. తొమ్మిదీ ఈ మూడేళ్ళలోవే. తన పటంలో టిల్లీ కోవ్ దగ్గర గుర్తు ఒక్కటే.

వినీ ఏళ్ళు కలగలిపేస్తోందేమో అనుకుంది వెర్నా. తేదీలు మళ్ళీ చూసింది. సరిగ్గానే ఉన్నాయి. ఆమె చూపు పక్కనున్న ఉత్తరాల కట్ట మీద పడింది. పైనున్న కవరు మీద ‘విన్నిఫ్రెడ్ రైడౌట్, టిల్లీ కోవ్’ అని ఉంది. కింది వరసలో ‘పెట్టె నం. 214, మెర్రిట్’. దాని కింద పిన్ కోడు.

ఆ కోడు వెర్నాకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. తన సొంత ఇంటి కోడు అదే. మెర్రిట్ కోడు.

టిల్లీ కోవ్ పోస్టాఫీసు మూసేసి ఆరేళ్ళయింది. తర్వాత తీరం పొడుగునా ఒక్కొక్కటే మూసేశారు. అప్పట్నుంచి కోవ్‌ల వాళ్ళందరి ఉత్తరాలూ మెర్రిట్‌లో పెట్టెల్లోకి వస్తాయి. టిల్లీ కోవ్‌ది మూసేసిన రోజు ఇక్కడ పెట్టిన టీ విందుకి తనూ వచ్చింది, కేకు కోసింది కూడా. మరణాల జాబితా వచ్చినప్పుడు దాన్ని ఊరి పేరు మీద విడదీయొచ్చు, కోడు మీద విడదీయొచ్చు. ఊళ్ళ పేర్లు జనం నాలుగు రకాలుగా రాస్తారు. కోడైతే తప్పు రాదు, పని శుభ్రంగా ఉంటుంది. అందుకని ఆమె ఎప్పుడూ కోడే వాడింది. టిల్లీ కోవ్‌లో పోయినవాళ్ళని తన చేతులతో మెర్రిట్‌కి మోసుకుపోయి పెట్టింది. మిగిలిన ఆ ఒక్క గుర్తూ పాత కోడు మార్చుకోని మనిషెవరిదో అయి ఉంటుంది.

“టీ చల్లారిపోతోంది,” అంది వినీ.

వెర్నా చేతిలో చివరి కార్డు ఉంది. చెస్టర్ రైడౌట్. సెప్టెంబరు గడిలో బ్రైడ్ రాత: 178/104. పక్కన, ‘నెలలోపు తప్పకుండా మళ్ళీ చూడాలి.’ ఆ తర్వాతి గడి ఖాళీ.

“అక్టోబరులో?” అంది, తెలిసే.

“అక్టోబరులో వ్యాను రాలేదుగా. నెల విడిచి నెల అన్నారు. నవంబరు పధ్నాలుగుకి క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకున్నాడు.” వినీ బల్ల మీద పడ్డ బన్ను పొడిని చేత్తో ఒక చోటికి ఊడ్చింది. “ఎనిమిదో తారీఖున పోయాడు. ఆ సున్నా వెక్కిరిస్తున్నట్టుంటే నేనే క్యాలెండరు తీసేశా.”

వ్యానుని నెల విడిచి నెల చేసింది పోయిన వేసవిలో. అప్పుడూ గోడ మీద ఒక పటం ఉంది. అదీ వెర్నా గీసిందే.

“ఈ కార్డులు నాకిస్తావా వినీ? చూసి తెచ్చిస్తా.”

వినీ వాటిని దగ్గరికి లాక్కుని, అంచులు సమంగా తట్టి డబ్బాలో పెట్టింది. “వద్దు. ఇక్కడే ఉండనీ. బయటికి పోతే పారేస్తారు.”

శనివారం ఆఫీసులో ఎవరూ లేరు. వెర్నా జాబితా మొత్తం కాగితం మీదికి తీసి, పెన్సిలు చెక్కుకుని, ఊరి పేరు మీద ఒక్కొక్క మనిషినీ చేత్తో విడదీసింది. ‘టిల్లీ’, ‘టిలీస్’, ‘టి. కోవ్’. మధ్యాహ్నానికి మెర్రిట్‌లో ఉన్న యాభై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు లేచి తమ తమ కోవ్‌లకి వెళ్ళిపోయారు. టిల్లీ కోవ్‌కి తొమ్మిది మంది. డబ్బాలో ఉన్నదీ అంతే. నూటికింతమంది అని చూస్తే తీరం మెర్రిట్ కంటే మూడు రెట్లు. కొత్త పటం గీసింది. మెర్రిట్ మీద చీమలు పల్చబడ్డాయి.

ప్యాట్రిషియాకి ఫోన్ చేసి అంతా చెప్పింది.

“ఇది ఇంకెవరికైనా తెలుసా?”

“ఇంకా లేదు.”

“వెర్నా, మంగళవారం నడక బాట ప్రకటన. మంత్రి వస్తున్నారు. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు, నువ్వూ ఒప్పుకున్నావు. చెడ్డ పనేం కాదు కదా అది? జనం నడుస్తారు. మూడేళ్ళ తర్వాత కొత్త ప్రణాళిక వేస్తాం. అప్పుడు సరిచేద్దాం.”

“మూడేళ్ళా?”

“ఇప్పుడు బయటపెడితే పోయిన ఏటి నిర్ణయం కూడా తిరగదోడతారు. వ్యానుని ఎందుకు తగ్గించారంటారు. ఆ పటం మీద నీ పేరుంది, నాది కాదు. అక్టోబరులో నీ రిటైర్మెంటు. నిన్ను బాగా సాగనంపాలని ఉంది నాకు.” గొంతులో బెదిరింపు లేదు. జాలే ఉంది. అదే కష్టంగా ఉంది వెర్నాకి. “ఆలోచించు. సోమవారం ఏమీ తేకుండా వస్తే, నేను అడగను.”

ఇంటికొచ్చి ఉప్పు మాంసాన్ని బకెట్లోంచి తీసి నీళ్ళలో నానేసింది. హెడ్లీ అడిగాడు, “ఆరోగ్యం బాలేదా?” బాగానే ఉందంది. అంతకుముందు వారాల్లో ఆ నీళ్ళు మూడుసార్లు మార్చి ఉప్పంతా పోగొట్టేది. ఈసారి ఒక్కసారే మార్చింది. ఏదో గుర్తుండి కాదు, మర్చిపోయి.

ఆదివారం ఒంటిగంటకి హెడ్లీ వినీని తీసుకొచ్చాడు. చెస్ పోయాక ప్రతి ఆదివారం అంతే. వినీ తడి బూట్లు గుమ్మం దగ్గర విప్పి, ఒక సంచి నిండా ఆరిన కాప్లిన్ చేపలు బల్ల మీద పెట్టింది. మాంసం, క్యాబేజీ, టర్నిప్, బంగాళదుంపలు అన్నీ ఒకే గిన్నెలో ఉడికాయి. గుడ్డ సంచిలో ఉడికిన బఠాణీ ముద్దని వెర్నా పళ్ళెంలోకి విప్పింది. ఆవిరి హెడ్లీ కళ్ళజోడుకి పట్టింది.

“ఇది భోజనం!” అన్నాడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని. “వినీ, చూశావా, ఈ వారం నా పెళ్ళాం నన్ను క్షమించింది. ఉప్పు తగులుతోంది.”

“ఏం నేరం చేశావు?”

“చుక్క పీకేశా.”

వెర్నా కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది.

“రేపు పొద్దున ఆఫీసులో ఒక ఉత్తరం ఇస్తున్నా,” అంది. “గురువారం ఓటు చెల్లదని, మళ్ళీ పెట్టాలని. కొత్త పటం కూడా ఇస్తున్నా. పాతది తప్పు. గీసింది నేను.”

హెడ్లీ నములుతూ తలెత్తాడు. “ఎంత తప్పు?”

“కోవ్‌లలో పోయినవాళ్ళని మెర్రిట్‌లో వేశా. ఉత్తరాల కోడు చూసి. ముప్పై ఒక్క మందిని.” గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. “గురువారం వ్యాను పోయింది నా చుక్కతోనే. ఎనిమిది, ఎనిమిది ఉంటే నాది అటు వేశా. పోయిన వేసవి వ్యాను తగ్గించింది కూడా నా పటం చూసే.”

“పోయిన వేసవా?” అన్నాడు హెడ్లీ. ఫోర్కు పళ్ళెం అంచు మీద పెట్టాడు. అది జారి కింద పడింది. వంగి తియ్యలేదు.

వినీ మాంసాన్ని చిన్న ముక్కలుగా కోస్తూనే ఉంది. తినడం లేదు. కోసినవాటినే మళ్ళీ కోస్తోంది.

“వ్యాను వచ్చి ఉంటే,” అంది చివరికి, “చెస్ బతికేవాడా?”

“తెలీదు వినీ. ఎవరూ చెప్పలేరు. రావాల్సింది, రాలేదు. అంతవరకే తెలుసు.”

“ఆరేళ్ళుగా నా ఉత్తరాలు తెచ్చేది నువ్వేగా.”

“అవును.”

“ఆ కవర్లు నీ చేతుల్లోనే ఉన్నాయి.”

“అవును.”

కిటికీ అవతల మంచు విడిపోతోంది. హెడ్లీ ఉప్పు డబ్బాని అందుకుని, మూత మీద మిగిలిన సగం చుక్కని వేలితో తడుముతూ కూర్చున్నాడు. వెర్నా అతని వైపు చూసింది. అతను భార్య వైపు చూడలేదు.

వినీ కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెట్టి, చేతిగుడ్డతో మూతి తుడుచుకుంది.

“హెడ్లీ, అన్నం తిన్నాక నన్ను ఇంటికి తీసుకెళ్ళు. డబ్బా తెచ్చుకుంటా. ఈ రాత్రి ఇక్కడే పడుకుని రేపు నేనూ ఆఫీసుకి వస్తా. కాగితం మీద అంకెలంటే మళ్ళీ ఇంకో కాగితం చూపిస్తారు. తొమ్మిది మందినీ ఆ బల్ల మీద పరుస్తా.”

వెర్నా కుర్చీ వీపు వదిలింది. “వినీ, నువ్వు నా కోసం...”

“నీ కోసం కాదు,” అంది వినీ. “చెస్ కార్డు అన్నిటికంటే పైన పెట్టాలి. ఆ పని నువ్వు చెయ్యకూడదు.”